సుత్తి పట్టిన చెయ్యి

మాది తాండూరు. ఇరవై ఏళ్లుగా నాపబండలు చెక్కడమే నా పని. పోయినేడు, వికారాబాద్‌లో డిగ్రీ చదివే మా అమ్మాయి పట్టుబట్టడంతో కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాక్ అనే చిన్న పడవ ఎక్కాను. ముందు సీటులో ఆమె, వెనక నేను.

"నువ్వు ఊకె కూసో బిడ్డా, ఇది సుత్తి పట్టిన చెయ్యి" అని తెడ్డు నేనొక్కడినే వేశాను.

నీళ్ల మధ్యకు వెళ్లాక పడవ ఎడమకు తిరగసాగింది. బలంగా గుంజాను. ఇంకా గిర్రున తిరిగింది. గాలికి, నీళ్లలో మునిగిన ఎండుచెట్ల వైపు కొట్టుకుపోయాం. ఒక మోడు పడవను బరబరా గీరింది. పడవ ఒరిగి ఒళ్లోకి నీళ్లొచ్చాయి. నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉన్నా భయంతో ఇంకా జోరుగా గుంజాను.

అమ్మాయి వెనక్కి తిరిగి అరిచింది: "నాయినా, జోరంతా కుడిచేతిదే! అది ఆపు, ఎడమ దిక్కే వెయ్యి!"

వేశాను. భుజం మండిపోయింది కానీ, పడవ మొన ఒడ్డుకు తిరిగింది.

ఇన్నేళ్లూ ఆ ఎడమచేతికి ఉలి పట్టుకోవడం తప్ప వేరే పని చెప్పలేదు. ఇప్పుడు రోజూ నీళ్ల బిందె దానితోనే ఎత్తుతున్నాను. చాలనిపించి ఆపబోతానా, ఆ మోడు గీరిన చప్పుడు చెవిలో వినబడుతుంది. ఇంకో బిందె ఎత్తుతాను.