అక్క పౌడరు, బావ రాకెట్టు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఏదైనా పెంచి చెబుతాను. మా గల్లీలో నాలుగు చినుకులు పడితే, నా నోటికి వచ్చేసరికి దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో పడవలు తిరుగుతుంటాయి. కాబట్టి ఇందులో ఎంత తీసేసుకోవాలో మీ ఇష్టం. కానీ పోయిన వారం ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ రావడం నిజం. "అన్నా, నీది ఏదన్నా బాణం పోయిందా? దాని రెక్క మీద గీ నంబరున్నది" అంది ఒక ఆడమనిషి. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నా వెనకాల జనం ఆగిపోయారు, వాళ్ల వెనకాల రైలు ఆగిపోయింది, కింద విజయవాడ బస్సులు కూడా ఆగిపోయాయి. ఆ బాణం నాది కాదు. మా బావది. ఆ ఫోన్ రాకూడదని బావ కోరుకున్నాడు. బావ పోయాక కూడా నేను అదే కోరుకుంటూ వచ్చాను.

మాది నల్లగొండ పక్క ఊరు. మా అక్క మొగుడిది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాడు. వారమంతా ఆయన గొంతు సైదాబాద్ దాకా వినిపించేది. ఆదివారం మాత్రం మాట ఉండేది కాదు, రాకెట్లే. శ్రీహరికోట నుంచి లేచే వాటికి అచ్చు నకళ్లు చేసేవాడు. బట్ట అయిపోయాక చీరల షాపులవాళ్లు పారేసే అట్టగొట్టాలే వాటి ఒళ్లు. పల్చటి చెక్కతో రెక్కలు, పాత గొడుగు గుడ్డతో పారాచూట్. అసలు రాకెట్ మీద చీమంత అక్షరం ఉంటే ఈయన చీమ కాలంత అక్షరం రాసేవాడు. ఇద్దరం బడంగ్‌పేట్ అవతల, రాళ్లు పాతి వదిలేసిన ఖాళీ ప్లాట్లలోకి తీసుకుపోయి ఎగరేసేవాళ్లం. అది పైకి పోవడం కళ్లు ఆర్పేంత సేపే. నేనైతే విమానంలో పైలట్ పక్కకి తప్పుకుని నమస్కారం పెట్టాడని ఊరంతా చెప్పాను. ఆపైన వెతకడం, గోడలు దూకడం, ఇళ్ల తలుపులు తట్టడం నా వంతు. "మా రాకెట్ మీ మిద్దె మీద పడ్డదమ్మా" అంటే "గిప్పుడేం దీపావళి? తాగొచ్చినవా?" అని ఎన్ని ఇళ్ల ముందు తిట్లు తిన్నానో. విరిగిన రెక్కలు అతికించడం, చిట్లిన గొట్టానికి కాగితం చుట్టి ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ రంగు వేయడం బావ వంతు. ఎగరేయడం కంటే ఆయనకు అతికించడమే ఇష్టమని నా అనుమానం.

ఇక పౌడరు సంగతి. రాకెట్ పైకి చేరాక లోపలి చిన్న మందు టప్పుమని ముక్కును ఊడగొట్టి పారాచూట్‌ను బయటికి నెట్టాలి. గుడ్డ మడతలు ఒకదానికొకటి అంటుకుంటే విచ్చుకోదు, రాకెట్ తలకిందులుగా వచ్చి నేలలో దిగబడుతుంది. అంటుకోకుండా మడతల మధ్య మొహానికి రాసుకునే పౌడరు చల్లాలి. విచ్చుకున్నప్పుడు ఆ పౌడరు పైన చిన్న తెల్లమబ్బులా కనిపిస్తుంది. దాన్ని చూశాక బావ ఊపిరి వదిలేవాడు. ఆ పౌడరు డబ్బా అక్కది. "ఏందయ్యా, పౌడరంత నీ గొట్టాలకే పూస్తివి. నేను పెండ్లికి ఉత్త మొఖంతోటి పోవాల్నా?" అని అక్క అరిచేది. "నీ మొహానికి పౌడరెందుకే, అది రాకెట్టు కదా, దానికి కావాలి" అని ఈయన. ఆ మాటకు అక్క నవ్విందో, గరిటె విసిరిందో ఇప్పుడు గుర్తులేదు. రెండూ అయ్యుండాలి.

ఆ నవ్వు ఎక్కువ కాలం లేదు. కడుపులో గడ్డ అన్నారు. దవాఖానలో అక్క చిక్కిపోయి చిక్కిపోయి పరుపు మీద మడతలా మిగిలింది. ఇక్కడ నేనేమీ పెంచడం లేదు. అక్క పోయాక చీరలు పంచేశారు, మంచం ఎవరికో ఇచ్చేశారు. పౌడరు డబ్బా మాత్రం బావ ఇవ్వలేదు. నేను కొత్తది కొనుక్కొస్తే దాన్ని ముట్టనైనా ముట్టలేదు. పాతదాంట్లోంచే పేపరు మీదికి చిటికెడు వొంపుకుని, వేలికొసతో మడతలకు అద్దేవాడు. ఎగరేయడం తగ్గించాడు. డబ్బా తేలికయ్యే కొద్దీ ఆదివారాలు దూరమయ్యాయి.

చివరికి ఒకరోజు డబ్బాను బోర్లించి, అడుగున తట్టి తట్టి, ఉన్నదంతా పెద్ద రాకెట్‌లో పోశాడు. "ఇది కూడా పైన వదిలేస్తే ఇక దాచుకోడానికి ఏం ఉండదురా" అన్నాడు. రెక్క మీద నా ఫోన్ నంబరు రాశాడు. "నీ నంబరెందుకు రాస్తలేవు బావా?" అంటే, "నువ్వైతే ఎత్తుతావు. నేను ఉంటానో లేదో" అన్నాడు. రాకెట్ లేచింది. తిన్నగా ఎండలోకి దూరింది. ఇద్దరం నుదుటికి చేతులు అడ్డం పెట్టుకుని చూశాం. తెల్లమబ్బు కనిపించలేదు.

"విచ్చుకుందారా?"

"కనబడలే బావా. సూర్యుడు అడ్డమొచ్చిండు."

వారం వారం వెతికాం. సగంలో ఆగిపోయిన ఇళ్ల చుట్టూ, మురికి కాల్వల వెంట, కుక్కలు మమ్మల్ని గుర్తుపట్టి మొరగడం మానేసేదాకా వెతికాం. తర్వాత బావ గుండె మొరాయించింది. దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టుకుని కూడా అడిగేవాడు.

"ఫోనేమన్నా వచ్చిందా?"

"రాలే బావా."

"మంచిదే. విచ్చుకోకపోతే దగ్గర్లోనే పడుండాలి, ఎవరికో ఒకరికి దొరకాలి. దొరకలేదంటే గాలికి దూరంగా పోయినట్టే. పోయిందంటే విచ్చుకున్నట్టేగా?"

కోచింగ్ పిల్లలెవరైనా ఇలాంటి లెక్క చెప్పి ఉంటే బెంచీ ఎక్కించేవాడు. నేను మాత్రం "గంతే బావా" అన్నాను. మర్నాడు మళ్లీ అడిగాడు. ఆ మర్నాడు అడగడానికి లేడు. అప్పటి నుంచి తెలియని నంబరు మోగితే నా గుండె జారేది. పర్సనల్ లోన్ కావాలా అని ఏ అమ్మాయైనా అడిగితే ప్రాణం లేచొచ్చి, "చల్లగ ఉండు తల్లీ" అని దీవించి పెట్టేసేవాడిని.

మెట్రో దగ్గర నుంచి అటే వెళ్లాను. ఫోన్ చేసినామె మేస్త్రీల దగ్గర పనిచేస్తుంది. అన్నదమ్ముల పంచాయితీలో ఏళ్లుగా ఆగిన బిల్డింగ్‌కు మళ్లీ పని మొదలైందట. పై స్లాబు మీద పాత ఇసుక కుప్ప ఎత్తుతుంటే ఇది దొరికింది. మేం ఎగరేసిన చోటికి కూతవేటు దూరం. ఆ గేటు ముందు నుంచే ఎన్నిసార్లు నడిచామో. "ముక్కు మీద నిలబడ్డది అన్నా, ఎవలో నాటినట్టు. పగిలిన కాడ లోపల తెల్లగున్నది, మందేమోనని ఎవ్వల్ని ముట్టనియ్యలే" అంది. గొట్టం ఎండకు వెలిసిపోయింది, రెక్క ఒకటి లేదు. నంబరు మాత్రం నిన్న రాసినట్టుంది. అక్కడే ఇటుకల మీద కూర్చుని ముక్కు లాగాను. గొడుగు గుడ్డ మడత మడతలానే ఉంది. విచ్చుకోలేదు. మడతల మధ్య నుంచి అక్క వాసన గుప్పున వచ్చింది. పెళ్లికి తయారై, గుమ్మంలో నిలబడి, మా ఇద్దరి మీద అరవబోతున్న అక్క వాసన.

చెప్పాను కదా, పెంచుతానని. ఆగిపోయిన బస్సులు, నమస్కారం పెట్టిన పైలట్, అవన్నీ పెంచినవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ వాసన. వానలకు తడిసి, ఎండలకు కాగి, ఆ పౌడరు సున్నపు పెళ్లలా గట్టిపడింది. చాలాసేపు ముక్కు పెట్టి పీల్చాను. బూజు, ఇసుక. ఆ పనామె "ఏమాయెనన్నా?" అని అడిగింది కూడా. ఏమీ లేదన్నాను. ఇంటికి తెచ్చి, బావ చేసినట్టే కాగితం చుట్టి, లేని రెక్క కొత్తగా చేసి అతికించాను. వంకరగా వచ్చింది. పోయిన వస్తువుల్ని కాలం ఎప్పుడో ఒకప్పుడు తిరిగి తెచ్చి ఇస్తుంది, కానీ వాటిలో మనం దాచింది ముందే తీసేసుకుంటుంది.