విలన్ గొంతుకు ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం

కరోనా తగ్గి సినిమా హాళ్లు మళ్లీ తెరుచుకున్న ఏడాది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక మెస్ పైన, రెండో అంతస్తులో మా డబ్బింగ్ స్టూడియో. పరభాషా సీరియళ్లకు తెలుగు మాటలు రాయడం నా పని. దాన్ని అనువాదం అన్నవాళ్లతో నేను చాలాసార్లు కొట్లాడాను. తెర మీది మనిషి పెదవులు మూసేసరికి మన మాట కూడా ముగియాలి. దాన్ని లిప్ సింక్ అంటారు. అర్థం చెడకూడదు, నవ్వు చావకూడదు, పెదవి తప్పకూడదు. రాసి చూస్తే తెలుస్తుంది.

అప్పుడు మా దగ్గరికి ఒక బ్రిటిష్ డిటెక్టివ్ సీరియల్ వచ్చింది. హత్యలూ ఉంటాయి, హాస్యమూ ఉంటుంది. చిన్న ఊరు, వదలని వాన, బొద్దుగా ఉండే ఇన్‌స్పెక్టర్. ఆయన అరవడు, తుపాకీ తీయడు. శవం పక్కన నిలబడి టీ దొరుకుతుందా అని అడుగుతాడు. మన సీరియళ్లలో జోకు పేలగానే వెనక ఏదో వాయించి, ఇక నవ్వండని గుర్తు చేస్తారు. ఇందులో జోకు వేసినవాడే నవ్వడు. నేను ఎవరినీ తేలిగ్గా మెచ్చుకునే మనిషిని కాను. అలాంటిది, ఆ రాతను చూసి లేచి దండం పెట్టాలనిపించింది.

మొదటి కథలో హంతకుడు గులాబీలు పెంచుకునే ఒక ముసలి డాక్టరు. బంగారం లాంటి మనిషి. చివరిదాకా అనుమానం రాదు. ఆ పాత్రకు మా డబ్బింగ్ డైరెక్టర్ ప్రసాద్ గారు యాదగిరి గొంతు ఖాయం చేశారు.

యాదగిరిది రాంనగర్. బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఏళ్ల తరబడి మా దగ్గర విలన్లందరికీ ఆయనే చెబుతున్నాడు. చెడ్డవాడికి బరువైన గొంతు, మంచివాడికి మెత్తని గొంతు అన్నది డబ్బింగ్‌లో రాయని చట్టం. నాకు ఒళ్లు మండింది.

“ప్రసాద్ గారూ, ఈయన నోరు తెరిస్తే చాలు, వంటింట్లో పోపు వేసుకుంటున్న ఆవిడ కూడా హంతకుడెవరో చెప్పేస్తుంది. ఇక ఇన్‌స్పెక్టర్ దేనికి, జీతం దండగ!”

ప్రసాద్ గారిది గోదావరి వైపు. కోపం వచ్చినా గొంతు పెరగదు. “విజయగారూ, మీరు మాటలు రాయండమ్మా. గొంతుల సంగతి నేను చూసుకుంటాను.”

“గొంతు కుదరకపోతే నా మాటలు దేనికి, ఊరగాయ పెట్టుకోనా?”

పక్కన బెంచీ మీద టీ తాగుతున్న యాదగిరి గ్లాసు కింద పెట్టాడు. “అక్కా, మీరిద్దరు తర్వాత కొట్లాడుకోండి. ఒక్క మాట చెప్త. ఇన్నేండ్ల సంది మందిని చంపుడే నా పనాయె. మా ఇంటామె నా సీరియల్ సూడదు, ‘ఇంట్ల వినేది చాలదా’ అంటది. గొంతు గూడ ఎన్నడు పోతదో ఏమో. ఒక్కసారన్న గా ఇన్‌స్పెక్టర్‌ది ఇప్పియ్యరాదె?”

ప్రసాద్ గారు నవ్వేశారు. నేను నవ్వలేదు. అడగడానికి యాదగిరి ఎన్నాళ్లు ఆగాడో ఆ గొంతులోనే తెలిసింది.

వారం వాదించాను. చివరికి ప్రసాద్ గారు దిగివచ్చారు. మొదటి కథను యాదగిరి గొంతుతో శాంపిల్‌గా చేద్దాం, ఛానల్‌వాళ్లు వద్దంటే ఇన్‌స్పెక్టర్ గొంతు మారుద్దాం, అప్పుడు ఇంకో మాట ఉండకూడదు అన్నారు. నేను ఇంకో మెలిక పెట్టాను. ప్రసాద్ గారు ఒకప్పుడు భక్తి సీరియళ్లలో దేవుళ్లకు గొంతు ఇచ్చినవారు. డాక్టరుకు ఆయనే చెప్పాలన్నాను. “నన్ను హంతకుణ్ణి చేస్తారా?” అన్నారు గానీ, చేశారు.

మొదటిరోజు నా పరువు పోయింది. ఒక విధవరాలిని ఇన్‌స్పెక్టర్ టీ అడిగే సీను. యాదగిరి పొట్టలోంచి ఊపిరి తీసి, చివరి మాట సాగదీసి అడిగాడు. అందులో విషం కలిపినట్టే ఉంది.

“అన్నా, ఆమెను చంపకు. టీ అడుగు,” అన్నాను.

“టీయే గద అడిగిన!”

ప్రసాద్ గారు నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపుకు నాకు ఇంకా మండింది.

కాసేపు ఆగుదామని కిందికి దిగాం. యాదగిరి బండికి అడ్డంగా ఒకతను ఆటో పెట్టుకుని ఫోన్లో మునిగి ఉన్నాడు. యాదగిరి దగ్గరికి వెళ్లి, ముఖంలో ఏ మార్పూ లేకుండా, “అన్నా, జల్దేం లేదు. నీ ముచ్చట కానియ్యి. పిల్లల పెండ్లిళ్లు గూడ ఫోన్లనే మాట్లాడుకో. గప్పటిదాంక నా బండి నీ ఆటో ఎన్క నీడకుంటది,” అన్నాడు. అతను నాలుక కరుచుకుని ఆటో జరిపాడు.

“ఇదే! ఇట్లాగే అడగాలి టీ!” అని నేను నడిరోడ్డు మీద అరిచాను.

పైకి వెళ్లి ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టాను. విలన్ డైలాగులు నిలబడి చెబుతారు. ఒళ్లంతా బిగిస్తే గాని ఆ బలం రాదు. కూర్చున్నాక యాదగిరి భుజాలు జారాయి, మాట నేలకు దిగింది. “మీ గులాబీలు బాగున్నాయి డాక్టరు గారూ. కింద మనిషి లేకపోతే ఇంకా బాగుండేవి,” అని వాన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. సౌండ్ ఇంజనీర్ నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

శాంపిల్ వినడానికి ఛానల్ నుంచి ఒకావిడ వచ్చింది. సగంలో ఆపించి, “హంతకుడు ఇన్‌స్పెక్టరేనా?” అని అడిగింది. తలుపు దగ్గర నిలబడ్డ యాదగిరి నేల చూపులు చూస్తున్నాడు.

“ఎందుకలా అనుకున్నారు?” అన్నారు ప్రసాద్ గారు.

“ఆ గొంతు వింటే ఇంకేమనుకుంటాం? ఎప్పుడు దొరుకుతాడా అని చూస్తున్నా. మిగతాది పెట్టండి.”

కథ చివర డాక్టరు పట్టుబడితే ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. “ఛ, ఆయనా! అంత మంచి గొంతు!” అంది. ప్రసాద్ గారికి సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. “ఇన్‌స్పెక్టర్‌ను మార్చకండి. మారిస్తే నేను ఒప్పుకోను,” అని చెప్పి వెళ్లిపోయింది.

వినేవాడు తీర్పు జేబులో పెట్టుకునే వస్తాడని నాకు ఆరోజు అర్థమైంది. దాన్ని చెరిపేయడానికి నేను వారం కొట్లాడాను. చెరపనక్కర్లేదు, వాడుకోవచ్చు. అయితే అసలు పాఠం రెండో కథలో నేర్చుకున్నాను.

అందులో ఇన్‌స్పెక్టర్ వీపు మాత్రమే కనిపించే షాట్ ఒకటి ఉంది. వానలో నిలబడి ఒక ఖాళీ ఇంటిని చూస్తుంటాడు. వీపు షాట్‌లో పెదవులు కనపడవు కాబట్టి మాటలు రాసేవాళ్లమంతా అక్కడ ఒక మాట ఇరికిస్తాం. నేనూ ఒక మంచి చురక రాశాను, నాకే ముద్దొచ్చింది. యాదగిరి కాగితం చదివి తిరిగి ఇచ్చేశాడు.

“ఇది నేను చెప్ప, అక్కా.”

“ఎందుకు చెప్పవు? జోకు పేలదా?”

“మస్తు పేలుతది. గని మా ఇన్‌స్పెక్టర్ గిక్కడ మాట్లాడడు. సూస్తడంతే.”

మా ఇన్‌స్పెక్టర్! వాదించబోయి ఆగాను. కాగితం తీసుకుని ఆ వాక్యం కొట్టేశాను. సీరియల్ ఎప్పుడు చూసినా, ఆ షాట్‌లో వాన చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. నేను రాసినవాటిలో నాకు బాగా నచ్చినది అదే.