మధ్యాహ్నం మూడింటికి ఆగిపోయే కంప్యూటర్

మీ కంప్యూటర్ బిగుసుకుపోతే మొట్టమొదట మీరు చేసే పని ఏమిటి? ఆపి, మళ్లీ ఆన్ చేస్తారు. అది నడుస్తుంది, మీరు పనిలో పడతారు. అసలెందుకు ఆగిందని ఎప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు. బతుకంతా ఆ వృత్తిలోనే ఉండి, మూఢనమ్మకాల మీద ఊరూరా సభల్లో వాదించి కూడా అడగలేదు.

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, రాజమండ్రి ప్రధాన కార్యాలయం నన్ను మూడు వారాల డెప్యుటేషన్ మీద భీమవరం ల్యాబ్‌కు పంపింది. అప్పటికి నేను సీనియర్ సిస్టమ్స్ ఆఫీసర్ని. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్ అది. రైతులు పొద్దున్నే సీసాల్లో నీళ్లు పంపిస్తారు. అమ్మోనియా పెరిగితే చెరువుకు వెంటనే కబురు వెళ్లాలి, లేకపోతే పంట పోతుంది. ఆ కబురును కంప్యూటరే ఫోన్ చేసి తెలుగులో వినిపిస్తుంది. ఆ పని చేసే ప్రోగ్రాం తెర మీద కనబడదు. వెనక తన మానాన తాను నడుస్తుంటుంది. మేము దాన్ని సర్వీస్ అంటాం.

ఆ కంప్యూటర్ రోజూ మధ్యాహ్నం మూడు ప్రాంతంలో బిగుసుకుపోయేది. రెండు దాకా ప్రసాద్ అనే ఆపరేటర్, ఆ తరవాత రాత్రి ఎనిమిది దాకా నాగమణి కూర్చునేవారు. ప్రసాద్ కూర్చున్నప్పుడు ఒక్కనాడూ ఆగలేదు. అందుకని మేనేజర్ సుబ్బరాజు గారు నాగమణి హస్తవాసి మంచిది కాదని తేల్చారు. ఆమెది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. ఈసారి పొడిగించవద్దని ఆయన ఉత్తరం రాశారు. కంప్యూటర్ కారణంగా ఒకరిని తీసెయ్యాలంటే మా సెక్షన్ అభిప్రాయం జతచెయ్యాలని నిబంధన. ఆ అభిప్రాయం రాయడానికే నేను వెళ్లాను.

మంచి మర్యాదస్తుడు సుబ్బరాజు గారు. కాఫీ ఇచ్చి, "ఆవిడంటే నాకేం కోపం లేదండి. చెయ్యి పడితే చాలు, ఆగిపోద్దండి. మీరే చూస్తారుగా, ఆయ్" అన్నారు. మానిటర్ పక్కన ఎర్రదారం కట్టిన నిమ్మకాయ ఉంది. నేను ఊరుకుంటానా? నిమ్మకాయకూ కంప్యూటర్‌కూ సంబంధం ఏమిటో చెప్పమని ఆయన్ని అక్కడే నిలదీశాను.

జవాబు నాగమణి చెప్పింది. "ఆరు నెలలుగా ఫోన్ చేస్తన్నానండి మీ సెక్షన్‌కి. ప్రతిసారీ రీస్టార్ట్ చెయ్యమ్మా అన్నారు. రాజుగారు నిమ్మకాయ అంటారు, మీరు రీస్టార్ట్ అంటారు. తేడా ఏంటండి?"

తేడా లేదు. కారణం తెలియకుండా రోజూ చేసే పని ఏదైనా పూజే. నా పూజకు దీపం లేదు, అంతే.

మర్నాటి నుంచి ఇద్దరి వేళలూ తారుమారు చెయ్యమన్నాను. నాగమణి పొద్దున, ప్రసాద్ మధ్యాహ్నం. నిమ్మకాయను కూడా తీసేద్దామని చెయ్యి చాపాను. "ఉంచండి సార్, తీస్తే అది తీసినందుకే ఆగిందంటారు" అందామె. పరీక్షలో ఒకసారికి ఒక్కటే మార్చాలన్న సూత్రం ఆ గదిలో నాకన్నా ఆమెకే బాగా గుర్తుంది.

అరగంటకోసారి టాస్క్ మేనేజర్ తెరిచి, ఆ సర్వీస్ ఎంత మెమరీ తింటోందో చూసి నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాం. పొద్దున ఎనిమిదికి కొద్దిగా. పదకొండుకు దానికి నాలుగింతలు. రెండున్నరకు మిగతా ప్రోగ్రాములకు ఊపిరాడని స్థితి. మూడూ పదికి, ప్రసాద్ చేతి కిందే, తెర మీది మౌస్ బాణం కదలడం మానేసింది.

"ఇవాళ మంగళవారం కదండీ" అన్నారు సుబ్బరాజు గారు.

బుధవారమూ ఆగింది. గురువారమూ ఆగింది. ఆయన ఇక వారాల ప్రస్తావన తేలేదు.

మనిషి కాదని తేలింది, కానీ కారణం తేలలేదు. లాగ్ ఫైలు అంటే ప్రోగ్రాం తన పనుల గురించి తనే రాసుకునే దినచర్య. దాన్ని తీసి చూస్తే, పొద్దుటి ఫోన్లలో చాలా వాటికి స్విచాఫ్ అని ఉంది. కాల్ కలవకపోతే సర్వీస్ పది నిమిషాలకోసారి మళ్లీ చేస్తోంది. చేసిన ప్రతిసారీ వినిపించాల్సిన ఆడియోను మెమరీలోకి కొత్తగా తెచ్చుకుంటోంది, పాతదాన్ని వదలడం లేదు. దీన్నే మేము మెమరీ లీక్ అంటాం. అయితే ఇన్ని ఫోన్లు ఒకేసారి ఎందుకు ఆగిపోయి ఉంటాయి?

నాగమణి నంబర్లు చూసి నవ్వింది. "ఇయ్యన్నీ చెరువు కాపలావాళ్లయ్యండి. రాత్రంతా గట్టు మీద మేలుకుని, పొద్దున్నే ఫోన్ ఆపేసి పడుకుంటారు. మూడూ నాలుక్కి గానీ లేవరు. చెరువు దగ్గరుండేది వాళ్లే కదాని రైతులు ఆ నంబరే రాయించారు."

ఆ ప్రోగ్రాం రాసిన కుర్రాళ్లు ఎప్పుడూ ఆగని తమ ఫోన్లకే చేసి చూసుకున్నారు. పగలు నిద్రపోయే మనిషి ఒకడుంటాడని వాళ్లు అనుకోలేదు. మూడింటికి రీస్టార్ట్ చేశాక సాయంత్రాలు మళ్లీ ఆగదేమని నేను కూడా అడగలేదు; అప్పటికి కాపలావాళ్లు లేచి ఫోన్లు ఎత్తుతున్నారు మరి.

ప్రోగ్రాం రాసినవాళ్లకు అంకెలతో సహా పంపితే నాలుగు రోజుల్లో సరిచేశారు. ప్రయత్నం అయిపోగానే ఆడియోను మెమరీ నుంచి వదిలెయ్యాలి, కాపలా నంబరు కలవకపోతే రైతు నంబరుకు చెయ్యాలి. వారం పాటు ఒక్కసారీ రీస్టార్ట్ చెయ్యకుండా నడిపించి చూశాం. పొద్దుటి అంకె, సాయంత్రం అంకె ఇంచుమించు ఒకటే.

నా అభిప్రాయంలో రెండు వాక్యాలు రాశాను: లోపం ప్రోగ్రాంది, ఆపరేటర్‌ది కాదు. ఆరు నెలలు కారణం అడగకపోవడం సిస్టమ్స్ సెక్షన్ తప్పు. సుబ్బరాజు గారు చదివి, కింద సంతకం పెట్టి, తన ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. నాగమణి కాంట్రాక్టు పొడిగించారు. నిమ్మకాయ మాత్రం ఆయన తియ్యలేదు. "ఉండనివ్వండి, దాని పాటికది ఉంటది" అన్నారు. నేను వాదించలేదు. అది ఎవరి ఉద్యోగాన్నీ తియ్యడం లేదు.

నేర్చుకున్నది ఇది. ఆపి ఆన్ చేస్తే కంప్యూటర్‌తో పాటు కారణం జాడ కూడా చెరిగిపోతుంది. కారణం లేని చోట నింద వచ్చి కూర్చుంటుంది, అదీ పొమ్మంటే పోవలసిన స్థితిలో ఉన్నవాళ్ల మీదే.

కాబట్టి ఈసారి మీ ఆఫీసులో కంప్యూటర్ ఆగితే బటన్ మీద నుంచి వేలు తియ్యండి. ఏ గంటకు ఆగింది, ఏ ప్రోగ్రాం ఎంత మెమరీ తింటోంది, అది అప్పుడు ఏం చేస్తోంది, కాగితం మీద రాయండి. రేపూ రాయండి, ఎల్లుండీ రాయండి. ఆ కాగితం చేతిలో లేకుండా ఎవరి చెయ్యి మంచిది కాదన్నా, అన్నవాళ్లను లేచి ఆపండి.