ఎండాకాలంలో హీటరు

నా చిన్నప్పుడు మా నాన్నగారు ఒక పాత అమెరికా కారు కొన్నారు. అలాంటి కార్లను ఇప్పుడు ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈమధ్య దోహాలో సెలవు రోజు సాయంత్రాలు వాటిని అద్దంలా తుడిచి సముద్రం ఒడ్డున వరసగా నిలబెడుతున్నారు. చుట్టూ మూగినవాళ్ళు అప్పటి బండ్లు ఎంత గట్టివో అని, ఇప్పటివి ఉత్త అట్టపెట్టెలని నిట్టూరుస్తారు. మా వారు కూడా వాళ్ళలో చేరి తల ఊపుతారు. ఆయన వాటిలో ఎన్నడూ ప్రయాణం చేయలేదు. నేను చేశాను. జూలై నెలలో, మిట్టమధ్యాహ్నం, దుఖాన్ నుంచి దోహా దాకా చేశాను.

అప్పట్లో మేం దుఖాన్‌లో కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్నగారు చమురు కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తా, అమ్మ అక్కడి క్లినిక్‌లో నర్సు. ఇద్దరిదీ గోదావరి జిల్లా. ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతున్న ఒక అమెరికన్ ఇంజనీరు దగ్గర నాన్నగారు ఆ కారు తీసుకున్నారు. పడవంత పొడుగు. రెండు పక్కలా చెక్కలా కనిపించే కాగితం అంటించి ఉండేది, ఎండకు అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయేది. ఇంజను బండరాయి అని నాన్నగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవారు. అది అబద్ధమేమీ కాదు. మేం ఉంచుకున్నన్నాళ్ళూ ఆ ఇంజను ఒక్కనాడూ మొరాయించలేదు. వచ్చిన చిక్కల్లా ఇంజను చుట్టూ ఉన్న కారుతోనే. అది రోజుకో చోట ఊడిపోయేది.

వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు. ఎవరో ఒకరు దిగి బయట నుంచి తీయాలి. నా వైపు అద్దం ఉన్నట్టుండి తలుపు సందులోకి జారిపోయేది, దాన్ని పైకి లాగి అమ్మ పాత గరిటె ఒకటి దోపి నిలబెట్టింది. పైకప్పుకు వేసిన గుడ్డ ఊడి మా నెత్తుల మీద వేలాడుతుంటే పిన్నీసులతో కుట్టినట్టు పెట్టింది. పెట్రోలు ముల్లు ట్యాంకు నిండినా, ఖాళీ అయినా సగం దగ్గరే నిలబడేది. ఎడమవైపు తిప్పితే హారను దానంతటదే మోగేది. మొదట్లో మమ్మల్ని గడ్డకట్టించేంత చల్లగా ఉన్న ఏసీ తర్వాత పూర్తిగా మూగబోయింది. ఏ చిన్న సామాను కావాలన్నా ఓడలో రావాల్సిందే, ఆ ఓడ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మా చుట్టుపక్కల వాళ్ళందరూ ఒక్కొక్కరే జపాను కార్లు కొనుక్కుంటున్నారు. చిన్నవి, చప్పుడు లేనివి, తాళం తిప్పితే చాలు కదిలేవి. నాన్నగారు వాటిని చూసి బొమ్మలని నవ్వేవారు.

అమ్మ నవ్వేది కాదు. ఆమెకు ఆ కారంటే పరమ చిరాకు. క్లినిక్ షిఫ్టుల కోసం డ్రైవింగ్ నేర్చుకుంది కాబట్టి దాంతో ఎక్కువ అవస్థ పడింది కూడా ఆమే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మధ్యలో ఆగినప్పుడు కారును తిట్టేది. మనిషిని తిట్టినట్టే, పేరు పెట్టి తిట్టినంత శ్రద్ధగా తిట్టేది. నాన్నగారు నడుపుతుంటే పక్కన కూర్చుని, రోడ్డు వైపు చూడకుండా ఇంజను వేడి చూపించే ముల్లు వైపే చూసేది. అది కాస్త కదిలితే నాన్నగారి కంటే ముందు ఆమెకే తెలిసేది.

ఆ తిట్ల వల్లే మాకు ఒక మనిషి పరిచయమయ్యాడు. మా క్వార్టర్స్ పక్కన కొత్త ఇళ్ళు కడుతున్నారు. అక్కడ గోడలు కట్టే పనిలో ఉన్నవాళ్ళలో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చినాయన ఒకడు. ఒకరోజు అమ్మ తెరుచుకోని తలుపును తిడుతుంటే ఆయన తాపీ పక్కన పెట్టి నవ్వుకుంటూ వచ్చాడు. బయట నుంచి తలుపు తీసి పట్టుకుని, "అక్కా, మీరు తెలుగుల తిడుతుంటే మా ఊర్లె ఉన్నట్టనిపిచ్చింది" అన్నాడు. ఆ మాటకు అమ్మ మెత్తబడిపోయింది. అప్పటినుంచి ఆయన ఆమెకు తమ్ముడు, నాకు జగిత్యాల మామయ్య. శుక్రవారం సెలవు రోజున, మా చర్చి ప్రార్థన అయ్యాక వచ్చి అమ్మ చేసిన పులుసుతో కడుపునిండా తినేవాడు. అప్పటికి ఆయన ఇల్లు విడిచి నాలుగేళ్ళయింది. ఆయన బయల్దేరాక పుట్టిన కూతురిని ఇంకా చూడనే లేదు.

ఆయన భార్య ఉత్తరాలు రాసేది కాదు. క్యాసెట్‌లో మాట్లాడి, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేది. క్యాంపులో పదిమంది మధ్య వినలేక మామయ్య ఆ క్యాసెట్లు మా ఇంటికి తెచ్చుకునేవాడు. ఆ వేసవిలో ఒక క్యాసెట్ వచ్చింది. ఆమెకు కడుపులో గడ్డ ఉందట. తొందరగా ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడట. అంత చెప్పి ఆమె గొంతు గట్టిపడింది. "నువ్వచ్చి నా మంచం పక్కన నిలవడితెనే ఆపరేషన్. నువ్వు రాకుంటె నేను దవాఖానకు పోనే పోను" అంది. అమ్మ క్యాసెట్ వెనక్కి తిప్పి ఆ గడ్డ సంగతి మళ్ళీ విన్నది. నర్సు కాబట్టి ఆమె ముఖం మామయ్య ముఖం కంటే ఎక్కువ వాడిపోయింది.

మామయ్య కంపెనీలో ఎంతోమందిని బతిమాలుకుంటే చివరికి సెలవు దొరికింది. టికెట్ వచ్చింది, దేశం దాటడానికి కావాల్సిన ఖురూజ్ కాగితం కూడా వచ్చింది. ఆ కాగితం ఫలానా రోజు వరకే చెల్లుతుంది, విమానం కూడా ఆ రోజు సాయంత్రమే. క్యాంపు వ్యాను వచ్చి దోహాలో దింపాలి. మధ్యాహ్నమైనా వ్యాను రాలేదు. దాన్ని ఇంకేదో పనికి పంపేశారు. క్యాంపు పెద్దాయన తన వాచీ చూసుకుని, బుక్రా అన్నాడట. అంటే రేపు. రేపు వెళ్ళడానికి ఆయన చేతిలో చెల్లే కాగితం ఉండదు.

ఆయన తాడుతో కట్టిన అట్టపెట్టె, పెద్ద కంబళి మూట మోసుకుంటూ మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నాన్నగారు డ్యూటీలో ఉన్నారు, సాయంత్రం దాకా రారు. పక్కింటి మలయాళీ ఆంటీ మా ఇంట్లో అలికిడి విని వచ్చింది. వాళ్ళాయనా నాన్నగారూ కంపెనీ బస్సులోనే వెళ్ళారు కాబట్టి వాళ్ళ కొత్త జపాను కారు ఇంటి ముందే ఉంది. ఆంటీకి నడపడం రాదు. ఆమె వెంటనే ఇంట్లోకి వెళ్ళి తాళాలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

నా ప్రాణం లేచొచ్చింది. ఆ కారులో ఏసీ ఉంది. అమ్మ తాళాలను ఒక్క క్షణం చూసింది. ఆంటీ భుజం మీద చెయ్యి వేసి థాంక్స్ చెప్పి, తిరిగి ఇచ్చేసింది. మా కారు తాళం తీసుకుని, నీళ్ళ డబ్బాలు నింపమని నాతో చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ తిట్టిన కారును తీసుకెళ్ళాల్సిన రోజు ఇదేనా అనిపించింది. ఆంటీ కూడా నా వైపు చూసి, మీ అమ్మకు ఏమైందన్నట్టు చేతులు తిప్పింది.

అప్పటి దుఖాన్ రోడ్డు సన్నటిది. రెండు వైపులా తెల్లటి రాళ్ళ నేల తప్ప ఏమీ ఉండేది కాదు. ముందు సీట్లో మామయ్య, ఒళ్ళో కంబళి మూట. వెనక నేను, నా పక్కన నీళ్ళ డబ్బాలు. తెరిచిన అద్దాల్లోంచి వచ్చే గాలి పొయ్యి మీది ఆవిరిలా ముఖానికి కొట్టేది. కొంత దూరం వరకు కారు బుద్ధిగానే నడిచింది. తర్వాత అమ్మ తిట్లు మొదలయ్యాయి. తిట్లు మొదలయ్యాయంటే ముల్లు పైకి లేస్తోందని అర్థం. నేను ముందుకు వంగి చూశాను. ముల్లు ఎర్రగీత పక్కకు వచ్చేసింది.

ఆపితే ఇంజను చల్లబడేసరికి విమానం వెళ్ళిపోతుంది. ఆపకపోతే ఇంజనే పోతుంది. అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, "తమ్ముడూ, హీటరు పెడుతున్నాను, తిట్టుకోకు" అంది.

మామయ్య మూట మీదుగా ఆమె వైపు తిరిగి చూశాడు. "హీటరా అక్కా? గీ ఎండలనా?"

"ఇంజను వేడి మన మీదికి లాక్కుంటే అది నెమ్మదిస్తుంది. చలికాలంలో ఆయన హీటరు పెట్టినప్పుడల్లా ఈ ముల్లు కిందకి దిగడం చూశాను. మనం ఓర్చుకోవాలి, అంతే."

మామయ్య కంబళి మూటను కాస్త పక్కకు జరుపుకున్నాడు. "పెట్టక్కా. నాలుగేండ్ల సంది ఎండలనే ఉన్న. ఇంకో గంట నాకో లెక్కనా?"

అమ్మ మీట చివరి దాకా జరిపింది. మంచు కురిసే ఊళ్ళ కోసం తయారుచేసిన హీటరది. మా కాళ్ళ దగ్గర నుంచి నిప్పుల గాలి లేచింది. నా గొంతు ఎండిపోయింది. సీటు రెక్సిన్ తొడలకు అంటుకుని చురచురలాడింది. తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుంటే పిండేలోపే ఆరిపోయేది. మామయ్య నాకు నీళ్ళు అందిస్తూ, తను తాగకుండా, కాసేపు ఆ క్యాసెట్ సంగతులే చెప్పాడు. వాళ్ళావిడ పెళ్ళిచూపుల్లో కూడా అలాగే మాట్లాడిందట, ఆ గొంతుకు భయపడే ఒప్పుకున్నాడట. నేను పక్కింటి కారు గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ వెనక్కి తిరగలేదు. కారుతోనే మాట్లాడుతూ ఉంది. "ఏమే మహాతల్లీ, కొంచెం దిగు. ఇంకొంచెం దిగు. నీ వేషాలన్నీ ఇంటికెళ్ళాక వేద్దువుగాని."

ముల్లు దిగింది. ఎర్రగీత వదిలి వేలెడు దూరం కిందకు వచ్చి, దోహా దాకా అక్కడే ఉంది.

విమానాశ్రయం ముందు ఆగగానే అమ్మ పరుగెత్తుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి తలుపులు తీసింది. మామయ్య చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఆయన పెట్టె దించుకుని, వెళ్ళబోతూ వెనక్కి వచ్చి, కారుకు దండం పెడదామని బానెట్ మీద చెయ్యి వేశాడు. చురుక్కుమనేసరికి చెయ్యి లాక్కున్నాడు. ఆ కారు దగ్గర అమ్మ మొట్టమొదటిసారి నవ్వింది. ఆయన ఆ చెయ్యి ఊపుకుంటూనే లోపలికి పరుగెత్తాడు. మేం అద్దాల బయటే నిలబడి, లోపల ఆయన కాగితం మీద ముద్ర పడేదాకా చూశాం.

తిరిగి కారు దగ్గరకు వచ్చేసరికి కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. రేడియేటరు గొట్టం పగిలింది. అమ్మ తిట్టలేదు. రోడ్డంచున కూర్చుని, చెప్పులు విప్పి, నన్ను ఒళ్ళోకి లాక్కుని నా ముఖమంతా తడిగుడ్డతో తుడిచింది. ఏడ్చినందుకు నన్ను ఏమీ అనలేదు.

ఆమె చేసిన ఫోను అందుకుని నాన్నగారు పక్కింటాయనను వెంటబెట్టుకుని ఆ జపాను కారులోనే వచ్చారు. ఆయన ముఖంలో కోపం, భయం రెండూ ఉన్నాయి. ఈ ఎండలో పిల్లను వేసుకుని ఈ డొక్కు బండిలో ఎలా బయల్దేరావని అడిగారు. ఆ కారును ఆయన డొక్కు అనగా నేను వినడం అదే మొదలు. పక్కింటాయన బాధపడుతూ, మా బండి ఉంది కదా, మీరు అడగకపోయినా మా ఆవిడ ఇచ్చింది కదా అన్నాడు.

అమ్మ లేచి చీర దులుపుకుంది. "మీ బండి మంచిదేనండీ. కానీ దాంట్లో ఏదన్నా అయితే ఏం చేయాలో నాకు తెలీదు. ఇది ఎక్కడెక్కడ పాడవుద్దో నాకు తెలుసు. ఆ తమ్ముడికి ఇవాళ ఒక్కటే రోజు ఉంది."

నాన్నగారు బానెట్ ఎత్తారు. పగిలిన గొట్టం వైపు చూసి, ఇంజను మాత్రం బాగానే ఉంది కదా అని మెల్లగా అడిగారు. అమ్మ ఆయన వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. తర్వాత ఆ చల్లటి కారులోనే ఇంటికి వెళ్ళాం. నేను ఏసీ కింద నిద్రపోయాను.

ఆపరేషన్ బాగా జరిగింది. చలికాలం మొదట్లో మామయ్య తిరిగి వచ్చినప్పుడు కొత్త క్యాసెట్ తెచ్చాడు. అది అమ్మ కోసం. ఆవిడ గొంతులో అదే గట్టిదనం. "అక్కా, ఈనె ఇంటికచ్చేసరికి ఎండుచేపలెక్కున్నడు. బిడ్డ జూసి భయపడి ఏడ్చింది. అయినా తోలిచ్చినవు, నీ కడుపు సల్లగుండ" అంది. అమ్మ ఆ ముక్క రెండుసార్లు విన్నది.

అంతటితో ఆ కారు మీద అమ్మకు ప్రేమ పుట్టిందనుకుంటే పొరపాటు. కొత్త గొట్టం వేయించాక మర్నాటి నుంచి మళ్ళీ తిట్లే. అదేమో ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. చివరికి ఎవరో ఇంజను కోసమే కొనుక్కుని, మిగతాదంతా తుక్కుకు వేశారని విన్నాం. నాన్నగారు ఆ కబురును బతికున్నన్నాళ్ళూ తన గెలుపులాగా చెప్పుకున్నారు.

నేను ఇప్పుడు దోహాలోనే, అల్ హిలాల్‌లో ఉంటున్నాను, నాకూ మనవలున్నారు. ఏ వస్తువు గురించైనా, ఏ మనిషి గురించైనా ఒక్క వంక కూడా లేదని ఎవరన్నా చెబితే నాకు చప్పున భయం వేస్తుంది. వాళ్ళకు ఇంకా తెలియలేదనిపిస్తుంది. మా అమ్మాయికి సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయిల తల్లులందరూ మావాడు బంగారమన్నారు. ఒక్కావిడను మాత్రం, మీ అబ్బాయితో మీకు ఎక్కడెక్కడ విసుగొస్తుందని అడిగాను. మా వారు బల్ల కింద నా కాలు తొక్కారు. ఆవిడ ముందు బిత్తరపోయి, తర్వాత మొదలుపెట్టింది. టీ చల్లారిపోయింది, ఇంకా చెబుతూనే ఉంది. కోపమొస్తే అన్నం మానేస్తాడట, అలాంటప్పుడు పలకరించకూడదట, వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తే తనే వస్తాడట. నేను ఆ సంబంధమే ఖాయం చేశాను.

ఆవిడ చెప్పినవన్నీ నిజమేనని మా అమ్మాయి పెళ్ళయిన దగ్గర్నుంచి ఫోనులో నాకు చెబుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను. దాని గొంతులో విసుగు బోలెడంత ఉంటుంది. భయం మాత్రం ఏనాడూ వినిపించలేదు.