మా ఇంట్లో కొత్త సరుకుతో మొదటి ఇడ్లీ

జనగామలో కిరాణం కొట్లకు కొదవ లేదు. బేరం తెలిసినవాళ్లకు అసలే కొదవ లేదు. కానీ, అలిగి పోయిన భార్య తిరిగొచ్చే పొద్దున పెట్టాల్సిన ఇడ్లీల కోసం, మినపగుండ్ల దగ్గర గంటసేపు బేరమాడి, ఆ బేరం గెలిచి, కాపురాన్ని ఓడిన మొనగాణ్ని మాత్రం మా బజారు మొత్తంలో నేనొక్కణ్నే. ఇందులో నాకు పోటీ లేదు. ఇప్పటికీ ఎవరూ ముందుకు రాలేదు.

ముందు మా ఇంటి పద్ధతి చెప్పాలి. కిరాణం కొట్టువాళ్ల ఇంట్లో రోజూ మంచి పప్పు, మంచి రవ్వ తింటారని మీరనుకుంటారు. తప్పు. కొట్లో మంచి సరుకు గిరాకీకి, కదలని సరుకు ఇంటికి. పురుగు పట్టిన రవ్వ, ముక్క వాసన వేసే పల్లీలు, ఏ కాలానివో ఎవరికీ గుర్తులేని అటుకులు, ఇవన్నీ వరుసగా మా వంటింటికి బదిలీ అయ్యేవి, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఉద్యోగుల్లాగా. మా బాపు దీన్ని పొదుపు అనేవాడు. అమ్మ ఏమీ అనేది కాదు, జల్లెడ పట్టేది. నేనైతే పదిహేనేళ్లు వచ్చేదాకా ఉప్మాలో ఆ నల్లగా ఉండేవి ఆవాలే అనుకున్నాను.

నా భార్య సునీతది మానుకోట. వాళ్లది వ్యవసాయం ఇల్లు, పండినదాంట్లో మంచిది ముందు ఇంటికి ఉంచుకుని తరువాత అమ్మేవాళ్లు. అంటే మాకు సరిగ్గా తలకిందులు. ఆమె రెండేళ్లు ఓర్చుకుంది. తరువాత చుట్టాల పెళ్లికని మానుకోట పోయింది. పెళ్లయిపోయింది, పెళ్లికూతురు అత్తగారింటికి కూడా పోయింది, సునీత మాత్రం రాలేదు.

ఫోన్ చేశాను.

"ఎప్పుడొస్తున్నవ్?"

"నేనేమన్న అమ్ముడుపోని సరుకునా, వాపస్ తీస్కోనీకి?"

"గట్లంటవేంది సునీతా!"

"మీ ఇంటికొచ్చి రెండేండ్లాయె. ఒక్క పొద్దన్న పురుగులు ఏరకుంట పొయ్యి ముట్టిచ్చిననా? సచ్చిన పురుగు, బతికున్న పురుగు, ఏది ఏందో సూడంగనే చెప్పే తెలివి వచ్చింది నాకు."

"సరే, ఏం చెయ్యాలె చెప్పు."

"ఐతారం పొద్దుగాల రైలుకు వస్తం. మా బాపు, అవ్వ, భూపాలపల్లి పెద్దబాపు. నలుగురం. కొత్త సరుకుతోటి టిఫిన్ పెట్టు. హోటల్‌ది తెస్తె నడవది. మీ అమ్మ చేత చేపిస్తె నడవది. నువ్వే చెయ్యాలె. గది తిన్నంక ఉంటనో, వాళ్లతోనే మళ్లుతనో చెప్త."

ఇంత తేలిక పరీక్ష ఎవరైనా పెడతారా? కొట్లో అడుగుకొక బస్తా ఉన్నవాణ్ని నేను. "గింతేనా!" అన్నాను. జీవితంలో నేనన్న మాటల్లో అంత ఖరీదైన మాట ఇంకొకటి లేదు.

అమ్మ దగ్గరికి పోయాను. ఆమె కుర్చీ వంటింటి గుమ్మం దగ్గర వేసుకుని, తమాషా చూడటానికి వచ్చిన మనిషిలా కూర్చుంది.

"అమ్మా, జర పప్పు ఎంత పొయ్యాల్నో చెప్పు."

"నేను చెప్ప. పిల్ల అడిగింది నిన్ను. ముప్పై ఏండ్ల సంది నేను అడగలేకపోయిన. అది అడిగింది. నేను దాని దిక్కు."

బాపు దగ్గరికి పోయాను.

"బాపూ, నిన్న వచ్చిన మినపగుండ్ల బస్తా విప్పుత."

ఆయన గల్లా పెట్టె మీద నుంచి తల ఎత్తాడు. బస్తా కాదు, ఆయన కడుపు విప్పుతానన్నట్టు చూశాడు.

"పాతది ఇంక ఏడు కిలోలు ఉండంగ కొత్తది ఇప్పుతావ్‌రా? గిరాకీ చూస్తే పాతదెవడు కొంటడు?"

"కోడలు రావాలె గదా బాపూ!"

"వస్తది తియ్యి. పాత గుండ్లకు ఏమైందిరా? రెండుసార్లు ఎక్కువ కడుగు."

నాకు పౌరుషం వచ్చింది. "నీ కొట్లది నాకొద్దు. బయట కొంట" అన్నాను. కిరాణం కొట్టులో పుట్టి పెరిగినవాడు వేరే కొట్టుకు సంచీ పట్టుకుని పోవడమంటే, మంగలి ఇంకో మంగలి ముందు తల వంచి కూర్చోవడమే. అయినా పోయాను. రెండు వీధుల అవతల నర్సన్న కొట్టు ఉంది. నన్ను చూసి నర్సన్న తక్కెడ దించాడు.

"ఏం సంగతి తమ్మీ? దారి తప్పినవా?"

"మినపగుండ్లు కావాలె అన్నా. కొత్తవి. ఎంత?"

"నీకు కిలో నూట ముప్పై."

ఇక్కడ ఆగండి. చదివే మీకు అనిపించే ఉంటుంది, నూట ముప్పై ఇచ్చి తెచ్చుకోవచ్చు కదా అని. నాకూ అనిపించింది. డబ్బులు జేబులో ఉన్నాయి. చెయ్యి జేబులోకి పోయింది కూడా. కానీ నోరు వేరే దారిలో పోయింది.

"నూట ముప్పయ్యా! నాకు సెప్తున్నవా అన్నా? మేము గదే సరుకు తెస్తం."

"తెస్తె మీ కొట్లనే తీసుకోరాదు?"

"సరేగని, నూట పది."

నిజానికి నాకు కావాల్సింది అరకిలో. అరకిలోకు బేరమాడితే పరువేం ఉంటుంది? అందుకని రెండు కిలోలన్నాను. నర్సన్న నూట ఇరవై అన్నాడు. నేను ఎనభై అన్నాను. ఆయన కొట్టు మూసుకుంటానన్నాడు. నేను మెట్టు దిగాను. ఆయన పిలవలేదు. నేనే, చెప్పు తెగినట్టు నటిస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయనే చివరికి టీ తాగుతావా అన్నాడు. టీ తాగాం. టీ అయ్యేసరికి తొంభై దగ్గర తెగింది.

"సరే తమ్మీ, నువ్వు గెలిచినవ్. తొంభై తియ్యి" అని నర్సన్న, ముందర ఉన్న బస్తా ముట్టుకోకుండా, లోపలి గదిలోకి పోయాడు.

లోపలి గదిలోకి! బేరం కొన్న ధర కంటే కిందికి దిగినప్పుడు కొట్టువాడు లోపలి గదిలోకి ఎందుకు పోతాడో నాకు తెలియదా? నేను వారానికి నాలుగుసార్లు అలా పోయేవాణ్ని. అక్కడ ఏముంటుందో, ఎన్నాళ్లదో, దానికి ఏ పౌడరు కలిపి మెరిపిస్తారో అన్నీ తెలుసు. తెలిసీ, గెలిచిన సంతోషంలో, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. రెండు కిలోల మీద ఎనభై రూపాయలు మిగిల్చానని అమ్మకు చెప్పాను కూడా. అమ్మ సంచీలోకి చెయ్యి పెట్టి, నాలుగు గుండ్లు తీసి, వాసన చూసి, మళ్లీ సంచీలో వేసింది. ఆ తల్లి మౌనానికి నేను ఆ రోజే భయపడాల్సింది.

శనివారం నానబెట్టి, రుబ్బి, ఇడ్లీ రవ్వ కలిపి, గిన్నె మీద మూత పెట్టాను. పొద్దున్నే లేచి, పొంగి మూతను నెట్టేసి ఉంటుందని గిన్నె కింద పళ్లెం కూడా సిద్ధం చేసుకుని, మూత తీశాను. పిండి రాత్రి ఎంత ఎత్తున ఉందో అంతే ఉంది. కాదు, కొంచెం దిగింది.

"అమ్మా, పిండి లేవలే!"

"పండుకోనియ్యి పాపం. దానికి వయసు మీద పడ్డది."

ఫోన్ మోగింది. మామ. "అల్లుడా, రైలెక్కినం. కేసముద్రం దాటినం. ఏమీ తినకుంట వస్తున్నం, నువ్వు చేస్తున్నవంట గదా!"

కేసముద్రం అంటే ఇంకా గంటన్నర. నేను బల్ల వేసే పనిలో పడ్డాను. మేము నేల మీద కూర్చుని తినేవాళ్లం. కానీ అత్తగారివాళ్లకు మర్యాదగా ఉండాలని కొట్లోని పాత కౌంటర్ బల్ల ఇంట్లోకి మోసుకొచ్చాను. దాని ముందువైపు ఎర్ర రంగుతో 'దయచేసి అప్పు అడగవద్దు' అని రాసి ఉంది. మా పెళ్లికి కానుకగా వచ్చిన కొత్త దుప్పటి దాని మీద పరిచాను. ఏడు స్టీలు పళ్లాలు, ఏడు గ్లాసులు, మధ్యలో గిన్నెలో బంతిపూలు. నిజం చెప్పాలి, బల్ల మాత్రం అందంగా ఉంది. ఆ పొద్దున నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

మొదటి వాయి దించాను. చెంచాతో ఇడ్లీని తీయబోతే చెంచా వంగింది. ఒకటి జారి కింద పడింది. పగలలేదు. దొర్లుకుంటూ బాపు కాళ్ల దగ్గరికి పోయింది.

బాపు దాన్ని చేతిలోకి తీసుకుని తూచినట్టు పైకీ కిందికీ ఆడించాడు. "పావుకిలోకు ఇటు అటుగా ఉంటది" అన్నాడు.

"నవ్వకు బాపూ! వాళ్లు వరంగల్ దాటినరు!"

"ఏమైతదిరా? రవ్వ ఉంది గదా, జల్లెడ పట్టి ఉప్మా చెయ్యి."

"ఆ రవ్వ జోలికి పోను! ప్రాణం పోయినా పోను!" అని అరిచాను. నాలో ఆ మాత్రం తెలివి మిగిలి ఉందని నాకే ఆశ్చర్యం వేసింది. కొట్టులో కొత్త బస్తా ఉంది, విప్పితే బాపు ఊరుకోడు, విప్పినా నానడానికి సమయం లేదు. పల్లి చట్నీ మాత్రం బాగా కుదిరింది. అందుకే ఇడ్లీలను చట్నీలో ముంచి, కనిపించకుండా దాచిపెట్టాను.

వాళ్లొచ్చారు. సునీత ఆకుపచ్చ చీర కట్టుకుంది. బల్లను చూసి ఆగింది. పూలను చూసింది. నా చేతికి అంటిన పిండిని చూసింది. నవ్వింది. ఒట్టు, నవ్వింది. ఆ క్షణంలో ఎవరైనా ఇడ్లీలను ఎత్తుకుపోయి ఉంటే, నేను ఇప్పుడు ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

భూపాలపల్లి పెద్దమామ, అంటే సునీత పెద్దబాపు, బొగ్గు బావిలో పనిచేసి రిటైరైనాయన. ఆయన కూర్చుంటూ దుప్పటి లాగాడు. అది జారింది. ఆయన వంగి గట్టిగా చదివాడు. "దయచేసి అప్పు అడగవద్దు. ఏం అల్లుడా, మేము అడగనీకి రాలేదు!"

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆయన ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నవ్వు ఆగింది. కటుక్కుమని శబ్దం వచ్చింది. ఆయన దవడ పట్టుకుని, అరచేతిలోకి ఏదో తీసి చూశాడు.

"ఏమైంది పెద్దబాపూ?" అంది సునీత.

"ఏం లేదు బిడ్డా. ముందటి పన్ను. కదుల్తనే ఉండె, ఎట్లైనా పోయేదే" అన్నాడు ఆ పుణ్యాత్ముడు. మామ తల ఎత్తకుండా రెండో ఇడ్లీని చట్నీలో తిప్పుతూనే ఉన్నాడు, అది కరుగుతుందన్నట్టు. అత్త నీళ్లు తాగింది.

సునీత ఇడ్లీ ముక్క విరిచే ప్రయత్నం మానుకుని, వాసన చూసింది.

"గీ గుండ్లు మన కొట్లయేనా?"

"కాదు. నీ మీద ఒట్టు. నర్సన్న కొట్ల కొన్న."

"ఎంతకు?"

అబద్ధం చెప్పాల్సిన చోటు అది. కానీ గెలిచిన బేరం చెప్పుకోకుండా ఉండే అలవాటు మా వంశంలో లేదు. "నూట ముప్పై చెప్పిండు. తొంభైకి తెచ్చిన" అన్నాను. గొంతులో కొంచెం గర్వం కూడా ఉందని తరువాత అమ్మ చెప్పింది.

సునీత చెయ్యి కడుక్కుని వచ్చింది.

"మన కొట్ల పాతది పెడితెనన్న ఇంట్ల ఉన్నదాంతోటి చేసిండులే అనుకుందును. నువ్వు నా కోసం బజారుకు పోయి, బేరమాడి మరీ పాతది తెచ్చినవ్. నాకు నలభై ఎక్కువ పెట్ట మనసొప్పలే నీకు."

"సునీతా, నేను గెలిచిన అనుకున్న..."

"గెలిచినవ్ తియ్యి" అంది. బ్యాగు లోపలికి పోనేలేదు, గుమ్మం దగ్గరే ఉంది. అట్లాగే ఎత్తుకుంది.

నేను మూడో రోజు మానుకోట పోతే, పెద్దబాపుతో భూపాలపల్లి పోయిందన్నారు. భూపాలపల్లి పోతే, ఇంకా కోపం పోలేదని తలుపు వెనక నుంచే చెప్పింది. చివరికి కొత్త బస్తా నేనే విప్పాను. బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ గుండ్లు భుజాన వేసుకుని మళ్లీ భూపాలపల్లి పోయి, వాళ్ల వంటింట్లో ఇడ్లీలు చేసి పెట్టాక సునీత వచ్చింది.

ఇందుమూలంగా జనగామ బజారులోని సమస్త కొట్లవాళ్లకూ నేను ఒట్టేసి చెప్పేదేమంటే, ఇంట్లో తినే సరుకుకు నేను బేరమాడను, మెట్టు దిగను, చెప్పు తెగినట్టు నటించను, లోపలి గదిలోకి పోతానన్నవాణ్ని చెయ్యి పట్టుకుని ఆపుతాను.

ఇక లెక్క, దాచకుండా. లాభం: ఎనభై రూపాయలు. ఖర్చు: ఆ రోజు తిరుగు రైలు కోసం ఆగినవాళ్లకు హోటల్ నుంచి తెచ్చిన టిఫిన్లు, బేరం లేకుండా. మానుకోటకు ఒకసారి, భూపాలపల్లికి రెండుసార్లు రానుపోను చార్జీలు. పెద్దమామకు ముందటి పన్ను కట్టించడం, మూడువేల ఐదువందలు. మొత్తం మీద పందొమ్మిది పొద్దులు సునీత లేదు. కోడలి దిక్కున్న అమ్మ నాకు వండి పెట్టలేదు కాబట్టి, ఆ పందొమ్మిది పొద్దులూ నేనొక్కణ్నే వండుకుని ఉప్మా తిన్నాను. ఆ ఉప్మా, నిజాయితీగా రాయాలి కాబట్టి రాస్తున్నాను, పాత రవ్వతోనే.