వట్టివేరు సబ్బు

ఇరవై ఏళ్ళు దాటినా ఆ వాసన గుర్తుంది. నరసాపురం బస్టాండులో నా బెంచీ చివర కూర్చున్న ఒకావిడ సంచి విప్పగానే వట్టివేరు వాసన గుప్పుమంది. అన్నీ తను ఇంట్లో కొబ్బరినూనెతో చేసి, కొబ్బరి చిప్పల్లో పోసి ఆరబెట్టిన సబ్బులు.

మా ఇద్దరి మధ్య కూర్చున్న పట్టుచీర పెద్దావిడ ఒకటి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని మురిసిపోయింది. "ఎంత బాగుందమ్మా! నాలుగివ్వు. ఇంతకీ ఏ ఊరు మీది?"

"పల్లిపాలెమండి. మావాళ్ళు చేపల వేటకెళ్తారండి."

పెద్దావిడ సబ్బును మళ్ళీ వాసన చూసింది. "ఏంటో, నీచు కొడుతోందమ్మా" అంటూ సంచిలో పడేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, అవతలి బెంచీకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ ముక్కుకేదో తెగులండి. నాకివ్వండి రెండు" అన్నాను.

సబ్బులావిడ వినిపించుకోలేదు. ఆ సబ్బునే తీసి, తన ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది. తర్వాత తన అరచెయ్యి వాసన చూసుకుంది.

"ఆవిడ ఇందాకటి దాకా నా భుజానికి ఆనుకునే కూర్చున్నారు కదండి" అంది.

ఇంతలో పాలకొల్లు బస్సు దిగిన ఒకమ్మాయి వచ్చి, సబ్బు తీసి వాసన చూసింది. "భలే ఉందండి! ఏ ఊరండి మీది?"

సబ్బులావిడ నా వైపు చూడలేదు.

"రాజమండ్రండి" అంది.

ఆ అమ్మాయి మళ్ళీ వాసన చూడకుండానే రెండు కొనుక్కుంది.