సెన్సారు మీద బొట్టు

మా బావ అప్పటికే రెండుసార్లు విదేశాలు తిరిగొచ్చాడు. ఆయనది బాన్సువాడలో ఎరువులు, విత్తనాల దుకాణం. సీజనులో బాగా సరుకు అమ్మిన డీలర్లను కంపెనీలు తమ ఖర్చుతో అలా తిప్పుకొస్తాయి. రెండుసార్లూ ఆయన ఫోన్లో తెచ్చిన ఫోటోలు చూశాను. గుడి ముందు కంపెనీ బ్యానర్. సముద్రం ముందు బ్యానర్. ఏనుగు ముందు బ్యానర్, దాని పైనుంచి తొండం కొస ఒక్కటి కనబడుతుంది. బ్యానర్ పట్టుకుని వరసగా డీలర్లు, అందరికీ ఒకే రంగు టోపీలు. ఒక దేశానికి దేశం ఆ గుడ్డ చాటున దాక్కుంది.

ఈసారి కంపెనీ భార్యలను కూడా రమ్మంది. దేశం వియత్నాం, దసరా అయిన వారానికి ప్రయాణం. ఆ కబురు తెలిసిన రోజే అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"తమ్మీ, నాకొక కెమెరా చూడరాదు. మీ బావ ఫోటోలల్ల బ్యానర్ తప్ప ఏం కనవడదు. దాని ఎనక ఏమున్నదో నేను తీసుకొస్త."

"ఫోన్ ఉన్నది గద అక్కా?"

"ఫోన్ నా చేతుల ఎవరు ఉండనిస్తరు? జర మా ఫోటో దియ్యి అని ఒకరు గుంజుకుంటరు. అది మళ్ల నా చేతికొచ్చేలోపట మీ బావకు ఎవరో ఫోన్ జేస్తరు, ఆయన తీస్కుంటడు. కెమెరా అయితె నా మెడల ఉంటది. నాదే ఉంటది."

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. ఇటు కోటగిరి దాకా ఉన్న రైస్ మిల్లుల్లో కలర్ సార్టర్లు బాగుచేస్తాను. బియ్యంలో నల్లగింజను కెమెరాతో చూసి గాలితో ఊది అవతల పారేసే యంత్రం అది. లోపలి అద్దం మీద తవుడు పొర పట్టిందంటే దానికి మంచిగింజ, చెడ్డగింజ ఒకటే అవుతాయి. మిల్లు యజమాని నన్ను తిడతాడు, నేను ఆపరేటర్‌ను తిడతాను, మళ్లీ అద్దం తుడుస్తాను. లెన్సు, సెన్సారు నాకు అలంకారాలు కావు. అన్నం పెట్టేవి.

అందుకే అక్క కెమెరాను మిల్లులోకి యంత్రం ఎంచినట్టే ఎంచాను. ముందు ఏమేం కావాలో తేల్చుకున్నాను. పొద్దంతా మెడలో వేలాడినా నొప్పి పుట్టని బరువు. అక్క కళ్లద్దాలు తీసి చూసినా స్పష్టంగా ఉండేలా సవరించుకోగల వ్యూఫైండర్. తెలియనప్పుడు ఆటోలో పెట్టుకుని, తెలిశాక తనే తిప్పుకునే చక్రం. ఇక లెన్సు ఒక్కటే ఉండాలి. ప్రయాణంలో లెన్సులు మార్చడమంటే లోపల బొమ్మ పడే సెన్సారును దుమ్ముకు చూపించడమే. ఆ ఒక్కటీ పడవలో ఎదురుగా కూర్చున్న మనుషులంతా పట్టేంత వెడల్పు నుంచి, ఒక ముఖం దగ్గరగా వచ్చేంత దాకా జరగాలి. పదహారు నుంచి యాభై మిల్లీమీటర్ల చిన్న జూమ్ దానికి సరిపోతుంది. లోపల అద్దం ఉండని మిర్రర్‌లెస్ బాడీతో కలిపినా అరకిలో దాటదు.

ఇందులో ఎవరికైనా అభ్యంతరం ఏముంటుంది? మా బావకు ఉంది. నిజామాబాద్ దుకాణంలో ఆ కెమెరా బల్లమీద పెట్టగానే ఆయన దాన్ని కాదు, పక్క అద్దాల బీరువాలో ఉన్న పొడుగు లెన్సును చూశాడు.

"గింత సింగిల్ ఇడ్లీ అంత లెన్స్‌తోని ఏమొస్తది బామ్మర్దీ? గదో, గది చూడు. అసలు కెమెరా అంటె గది."

"బావా, అది దూరం ఉన్న పిట్టకు. పడవల దాన్ని పెడితె ఎదురుగున్నాయన ముక్కు ఒక్కటే వస్తది."

"ముక్కు మంచిగ రావాలె గద మరి?"

దుకాణంలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, ఫోన్ తీశాడు. బాన్సువాడలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే స్టూడియో అన్నకు కలిపి స్పీకర్‌లో పెట్టాడు. మా ఊళ్లో కెమెరా విషయంలో ఆయన మాటే చివరి మాట, ఎందుకంటే అందరి పెళ్లిళ్లలోనూ అందరికంటే పెద్ద కెమెరా ఆయన భుజాన ఉంటుంది.

"పెద్దదే తీసుకోన్రి అన్నా. చిన్నది పట్కపోతె మన్సులు పక్కకు జరగరు," అన్నాడాయన.

"వియత్నాంల ఎవరినీ పక్కకు జరపాల్సిన పని లేదన్నా," అన్నాను.

"తమ్మీ, నువ్వు బియ్యం మిషన్లు చేస్తవ్. మన్సుల ఫోటోలు వేరె."

చెరకు గడను కొన్నట్టు కెమెరాను పొడుగు చూసి కొనే ఈ జనంతో మాటలు ఆపి నేను ఆ పెద్ద కెమెరాను, దాని లెన్సుతో సహా, తీసి అక్క చేతిలో పెట్టాను. ఆమె మణికట్టు కిందికి వంగింది. మెడలో వేసుకుని ఒకసారి అటూ ఇటూ నడిచింది.

"గిది మెడల ఏసుకుంటె నేను వియత్నాంల నేలను చూసుకుంట తిర్గాలె. పైకి లేవదు నా తల," అంది. "నాకు చిన్నదే కావాలె."

బావ కౌంటరు దగ్గరున్నతనితో, "సరే, ఆమె ఆటకు ఆమెది. మంచి ఫోటోలు ఎట్లనో మా తోటి డీలర్లు తీస్తరు," అన్నాడు. ఆ మాట అప్పుడే నాకు మంట పుట్టించింది. చిన్న కెమెరా చేతికొచ్చిందన్న సంతోషంలో అక్క వినలేదు. లేదా విననట్టు ఊరుకుంది.

దసరా దాకా రోజూ సాయంత్రం కాలువ గట్టు మీద నేర్చుకుంది. నేను చెప్పేది తక్కువ, ఆమె అడిగేది ఎక్కువ. నీడలో ఉన్న ముఖం ఎందుకు నల్లబడింది? నడిచే బర్రె ఎందుకు చెదిరింది? రెండోసారి అదే తప్పు చేసేది కాదు. లెన్సు ఊడదీసే బటన్ ఒకసారి చూపించి, దీన్ని ముట్టుకోవద్దని చెప్పాను. అప్పుడు బావ కూడా పక్కనే ఉన్నాడు.

మా దగ్గర దసరాకు పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు. నాకు దాని మీద ఏ కోపమూ లేదు. మిల్లులో నేను బాగుచేసే యంత్రాలకూ ఆ రోజు పైరేకు మీద బొట్టు పెడతారు, నేనూ దండం పెడతాను. ఆ పొద్దున నేను బావ దుకాణానికి వెళ్లేసరికి అన్నీ ముస్తాబై ఉన్నాయి. కాంటాకు బొట్టు, తేమ చూసే మిషన్‌కు బొట్టు, బిల్లులు కొట్టే కంప్యూటర్‌కు బొట్టు, బయట ట్రాక్టర్‌కూ ట్రాలీకీ వేరువేరుగా బంతిపూల దండలు. బల్ల మధ్యలో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో అక్క కెమెరా.

అది రెండు ముక్కలుగా ఉంది.

లెన్సు ఒక పక్క, బాడీ ఒక పక్క. లెన్సు ముందు అద్దం మీద గుండ్రంగా పసుపు, దాని మధ్య కుంకుమ. బాడీ నోరు తెరుచుకుని పైకి చూస్తోంది. లోపల తళతళలాడే సెన్సారు మీద, పైభాగాన, ఇంకా తడి ఆరని బొట్టు.

"అత్తమ్మా, ఇదేంది?" అన్నాను. బావ తల్లి అక్కడే పూలు సర్దుతోంది.

"బొట్టు, బిడ్డా. ట్రాక్టర్‌కు వెడితిమి, ట్రాలీకి వెడితిమి. గిది సుత రెండు సామాన్లాయె. ఒకదానికి వెట్టి ఒకదానికి వెట్టకుంటె ఎట్ల?"

"లోపట పెడతరా ఎవరన్న?"

"దాని నొసలు ఏడుందో నాకేమెరుక? మెరుస్తున్నకాడ వెట్టిన."

నేను బావ వైపు తిరిగాను. "ఇప్పింది ఎవరు?"

"నేనే. బటన్ నొక్కితె ఊడొచ్చింది. నువ్వే గద చూపెట్టినవ్." నా ముఖం చూశాక ఏదో తేడా జరిగిందని తెలిసినట్టుంది. "గింత దానికి ఏమైతది, ఆగు," అంటూ జేబులోంచి దస్తీ తీసి, నేను చేయి పట్టుకునేలోగా, సెన్సారును రుద్దేశాడు. బొట్టు చెరిగింది. పసుపులోని నలుసులు అద్దం మీద ఇటునుంచి అటు గీసుకుపోయాయి.

అప్పుడు నేను అరిచాను. పండుగ పూట, అంతమంది పనివాళ్ల ముందు, గొంతు చించుకుని అరిచాను.

"కంప్యూటర్‌కు పైనుంచి పెట్టిన్రు గద? దాన్ని ఇప్పి లోపట ఎందుకు పెట్టలె? అది నీ యాపారం. ఇది మా అక్క ఆట. అందుకే గద?"

"మా అమ్మ ముంగట లొల్లి వెట్టకు," అన్నాడు బావ.

"పసుపుకుంకుమకే ఖరాబయ్యే సామాను గదేం సామానయ్యా?" అంది అత్తమ్మ. పెద్దావిడ ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అడుగుతోంది. ఆమెకు కోడలి మీద చెడు తలంపు లేదని నాకు తెలుసు. తెలిసినా కోపం ఒక్క డిగ్రీ కూడా దిగలేదు. చెడు తలంపు ఉన్నవాళ్లతోనైనా పోట్లాడొచ్చు.

"తియ్, దాన్ని ఇంట్ల వెట్టున్రి," బావ తేల్చేశాడు. "ఫోన్ సాలు. ఆమె వస్తున్నదే ఎక్కువ."

హారతి పళ్లెం పట్టుకుని అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట ఈసారి విన్నది. హారతి ఇచ్చింది, కళ్లకద్దుకోమని అందరికీ పళ్లెం పట్టింది, తమ్ముణ్ని గనక నాకు చివరన. తర్వాత కెమెరా రెండు ముక్కలనూ కొంగులో కట్టి నా చేతికిచ్చింది.

"ఎంత బాగైతదో గంత చెయ్యి," అంది.

సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే సెన్సారే మార్చాలన్నారు, పండుగ సెలవులు గనక ప్రయాణంలోపు కుదరదన్నారు. మిల్లు పనికి వాడే బ్లోయరుతో పొడి ఊదాను. పుల్ల కొసకు మెత్తటి గుడ్డ చుట్టిన కొత్త స్వాబులు తెప్పించి, సెన్సారు తుడిచే ద్రవంతో ఒక్కో స్వాబును ఒక్కోసారే, ఒకవైపుకే లాగుతూ తుడిచాను. రంగు పోయింది. గీతలు, వాటి చుట్టూ ఒక మసక మిగిలాయి. తెల్లగోడను ఫోటో తీసి చూస్తే కింది భాగంలో, నడుమ, పొగ పట్టినట్టు కనబడింది.

నాకు అంతకంటే మంట పుట్టించింది మరొకటి. స్టూడియో అన్న బావతో అన్నాడట: "నేను చెప్పిన పెద్దది కొంటె లోపట అద్దం అడ్డం ఉంటుండె. బొట్టు అద్దానికి తాకుతుండె, సెన్సార్‌కు గాదు." అది నిజం. సాంకేతికంగా నూటికి నూరు పాళ్లు నిజం. బావ ఆ వాక్యాన్ని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. లెన్సులు మార్చేవాళ్ల దుమ్ము గురించి ఆలోచించాను గానీ, పూజ పళ్లెం గురించి ఏ పుస్తకంలో చదవాలి నేను?

అక్క ఆ తెల్లగోడ ఫోటోను చాలాసేపు చూసింది.

"అత్తమ్మ పైన పెట్టింది గద, ఇది కిందికెట్ల వచ్చింది?"

"లెన్సు బొమ్మను తలకిందులు చేస్తది అక్కా. సెన్సారు పైభాగం మీద పడేది మన కాళ్లకాడి నేల."

"అంటె ఆ మసక ఎప్పటికీ గాడనే ఉంటదా? కదలదా?"

"కదలదు. తెల్లగ ఉన్నదేదన్న ఆడికొస్తె కనవడతది. ఆకాశం, గోడ, నీళ్లు."

"మట్టి వస్తె?"

"మట్టి, గడ్డి, రాళ్లయితె అంత తెల్వదు. లెన్స్ రంధ్రం పెద్దగ తెరిచి ఉంచితె ఇంక తగ్గుతది."

"అయితె గాడ మట్టి వెడత," అంది.

నాకు ఒప్పలేదు. ఒకరి బుద్ధితక్కువ పనికి తను ఎందుకు వంగాలి? నా ఫోన్ తీసుకెళ్లు అన్నాను, కిరాయికి ఇంకో కెమెరా తెస్తానన్నాను. ఆమె అప్పటికే గట్టు మీద కూర్చుని, ఫ్రేము అడుగున నేల ఉండేలా ఎంత వంచాలో చూసుకుంటోంది. బావతో కూడా ఒకే మాట మాట్లాడింది, నా ఎదురుగానే: "కెమెరా నేను పట్కవస్తున్న. మళ్ల మళ్ల అడగకున్రి."

తిరిగొచ్చాక ఫోటోలు వాళ్లింట్లో టీవీకి కలిపి చూపించింది. ప్రతిదాంట్లో కింద ఏదో ఒక నేల ఉంది. దమ్ము చేసిన మడి, అందులో మోకాళ్ల దాకా దిగి నారు వేస్తున్న ఆడవాళ్లు, మన దగ్గరలాగే వంగిన నడుములు, తలమీద శంకువులాంటి ఆకుటోపీలు. పడవ అడుగుచెక్కలు, వాటి మీద ఆరేసిన మిరపకాయలు, ఆ వెనక తెడ్డు వేస్తున్న ముసలామె. వానపడ్డ రోడ్డు మీద కోడిపిల్లల గంప. ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని బియ్యం అమ్ముతున్న తల్లి. మసక ఎక్కడుందో తెలిసిన నేను వెతికి పట్టుకున్నాను. తెలియనివాళ్లెవరికీ కనబడలేదు.

చుట్టాలు, పక్కింటివాళ్లు, దుకాణం పనివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఎవరో అడిగారు, ఇంత మంచిగా ఎట్ల తీసినవమ్మా అని. అక్క నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు.

"మా అమ్మ బొట్టు వెట్టి పంపింది. గందుకే గిట్లొచ్చినయ్."

అత్తమ్మ సిగ్గుపడుతూ నవ్వింది. అందరూ తలలూపారు. నేను లేచి నిలబడ్డాను. నా నోట్లో తయారుగా ఉన్నవి: గీతలు, దస్తీ, స్వాబులు, సర్వీసు సెంటరువాళ్లు సెన్సారు మార్చాలని చెప్పిన సంగతి. వరసక్రమంలోనే ఉన్నాయి. అక్క నా చొక్కా పట్టి కిందికి లాగింది.

తర్వాత వాకిట్లో అడిగాను, "నువ్వెందుకు ఊకున్నవ్? గది నీ పని. బొట్టుది గాదు."

"ఎరుకనే. ఇప్పుడు ఆ బొట్టు వల్ల కెమెరా మంచిదైంది గద ఇంట్ల? ఇంకెవరు దాన్ని ముట్టరు, బీరువల వెట్టమనరు. అననీ, నాదేం పోయింది?"

"నీ పేరు పోయింది."

"అది నా పని అని నువ్వు జెప్పినవ్ గద. సాలు." ఆమె కెమెరాను మెడలో వేసుకుంది. కాలువ కింద కోతలు మొదలయ్యాయి, పొద్దుగూకేలోపు వెళ్లాలంది. బండి తీయమని నన్నే తొందరపెట్టింది.

బండి తీశాను. దారి పొడుగునా ఆమె మాట సరికాదని చెబుతూనే ఉన్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.